పీహెచ్ 7.1 వచ్చిందన్నారు, మా నాన్నగారు దక్కుతారా?

సోంపేట నుంచి అడిగిన అమ్మకు,

మీ నాన్నగారిని శ్రీకాకుళంలో ఐసీయూలో చేర్చారనీ, రక్తంలో ఆమ్లం ఎంత ఉందో చెప్పే పీహెచ్ 7.1 వచ్చిందనీ, ఆ అంకె వచ్చినవాళ్లు బతకరని ఎవరో అన్నారనీ రాశారు. ఈ జిల్లాలోనే ఐసీయూ నర్సుగా పనిచేస్తున్నాను. ఆ ఒక్క అంకె చూసి ఆశ వదులుకోకండి.

తేలికగా తీసుకోవలసిన అంకె కాదన్నది నిజమే. మామూలుగా 7.35, 7.45 మధ్య ఉండాలి. 7.4 నుంచి 7.1కి దిగిందంటే రక్తంలో ఆమ్లాన్ని పెంచే హైడ్రోజన్ అయాన్లు రెట్టింపయ్యాయని అర్థం. అయితే ఎందుకు దిగింది, చికిత్స మొదలయ్యాక ఎటు పోతోంది అన్నదే ముఖ్యం.

నా చేతుల మీదుగా వెళ్లిన ఇద్దరి సంగతి చెబుతాను. ఇద్దరికీ మొదటిరోజు 7.1 దగ్గరే. ఒకాయన జీడితోట రైతు. ఇన్సులిన్ మానేయడంతో రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పెరిగి, ఆయాసపడుతూ వచ్చారు. సెలైన్, ఇన్సులిన్ ఎక్కించాం, పొటాషియం చూసుకుంటూ వచ్చాం. మర్నాటికి 7.3 దాటింది. మూడోరోజు గంజి అడిగి తాగారు. రెండో ఆవిడకు ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి బీపీ పడిపోయింది. ఒంటికి రక్తం, ఆక్సిజన్ సరిగా అందనప్పుడు పెరిగే లాక్టేట్ 2 లోపు ఉండాలి, ఆమెకు 9 ఉంది. మణికట్టు దగ్గర నాడి అందక తొడ దగ్గర రక్తం తీశాను. ఆరు గంటల తర్వాత మళ్లీ తీస్తే 11. ఆమె దక్కలేదు. ఆ రెండో రిపోర్టు పట్టుకుని డాక్టరుగారి దగ్గరికి నడిచిన నాలుగడుగులు ఇప్పటికీ గుర్తున్నాయి.

అందుకే రేపు డాక్టరుగారిని ఇలా అడగండి: ఆమ్లం పెరగడానికి కారణం ఏమిటి? లాక్టేట్ నిన్న ఎంత, ఈరోజు ఎంత? బీపీ పడిపోకుండా ఇచ్చే మందు మోతాదు పెంచుతున్నారా, తగ్గిస్తున్నారా? ఊపిరితిత్తుల్లో కార్బన్ డయాక్సైడ్ నిలిచిపోవడమే కారణమైతే వెంటిలేటర్‌తో సరిచేసే వీలుంటుంది.

మీది కిడ్నీ జబ్బులు ఎక్కువగా కనిపించే ఉద్దానం ప్రాంతం కాబట్టి ఇంకొక మాట. మీ నాన్నగారికి కిడ్నీ జబ్బు ముందునుంచీ ఉంటే, రక్తంలో ఆమ్లాన్ని అదుపుచేసే బైకార్బనేట్ చాలాకాలంగా తక్కువగానే ఉండి ఉండవచ్చు. అలాంటివారికి డయాలసిస్ చేస్తే పీహెచ్ కొన్ని గంటల్లోనే మెరుగుపడడం చాలాసార్లు చూశాను. కిడ్నీల పనితీరు చెప్పే పాత క్రియాటినిన్ రిపోర్టులు ఇంట్లో ఉంటే ఈ రాత్రే ఫొటో తీయించి తెప్పించుకోండి. డాక్టరుగారికి అవి చాలా అవసరం.

ఆయన మణికట్టు కమిలి కనిపిస్తే భయపడకండి. ఈ పరీక్షకు రక్తం ధమని నుంచి తీస్తాం. తీశాక ఐదు నిమిషాలు గట్టిగా నొక్కి పట్టుకున్నా ఒక్కోసారి నల్లబడుతుంది.