న్యాయ సందేహాలు: జ్యూరీలో కూర్చునేవారు సాక్ష్యాన్ని ఎలా తూచాలి?

ప్రశ్న: అమెరికా పౌరసత్వం తీసుకున్న మా అమ్మాయికి అక్కడి కోర్టు నుంచి జ్యూరీకి రమ్మని సమను వచ్చింది. చట్టం చదవని తాను సాక్ష్యాలను ఎలా తూచాలని నన్ను అడుగుతోంది. మా దగ్గర ఒక హత్య కేసులో సాక్షులు అడ్డం తిరగడంతో కేసు కొట్టేయడం చూసినవాణ్ణి కనుక ఏం చెప్పాలో నాకూ తోచడం లేదు. అసలు మన దేశంలో జ్యూరీ ఎందుకు లేదు?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: చివరి సందేహం ముందుగా తీర్చుకుందాం. జ్యూరీ, అంటే కేసు విని నేరం రుజువైందో లేదో తేల్చే మామూలు పౌరుల బృందం, మన దేశంలోనూ ఉండేది. 1959లో బొంబాయి సెషన్స్ కోర్టులో నౌకాదళ అధికారి నానావతి హత్యానేరం చేయలేదని జ్యూరీలో ఎనిమిది మంది, చేశాడని ఒక్కరు తేల్చగా, జడ్జి ఏకీభవించక కేసును హైకోర్టుకు నివేదించారు. హైకోర్టు విధించిన యావజ్జీవ శిక్షను 1961లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆ కేసు వల్లనే జ్యూరీ పోయిందని అందరూ చెప్పుకుంటారు గాని, దాన్ని తీసివేయాలని లా కమిషన్ 1958లోనే సిఫారసు చేసి ఉంది. క్రిమినల్ కేసుల్లో 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (నేర విచారణ పద్ధతి చట్టం) దానికి పూర్తిగా స్వస్తి చెప్పింది.

ఇక అమ్మాయి ప్రశ్న. క్రిమినల్ కేసైతే, ఆ రోజు ఏం జరిగి ఉంటుందో ఊహించి కథ అల్లడం ఆమె పని కాదు. ప్రాసిక్యూషన్ మోపిన నేరం సహేతుకమైన అనుమానానికి తావు లేకుండా రుజువైందా అన్నదొక్కటే ఆమె తేల్చాలి. ముద్దాయి బోనెక్కకపోయినా ఆ మౌనాన్ని అతనికి వ్యతిరేకంగా లెక్కించకూడదు.

మీ సాగర్ ఎడమ కాలువ మీదనే ఒక కేసు ఊహించండి. అర్ధరాత్రి తూము దగ్గర నీళ్ల కోసం కొట్లాట జరిగింది, కట్ట మీద నుంచి చూశానని ఒక రైతు చెప్పాడు. ఆయన తడబడ్డాడా, ధైర్యంగా మాట్లాడాడా అని చూసి నమ్మేవాళ్లే ఎక్కువ. కోర్టు మెట్లెక్కి ఎరగని మనిషి నిజం చెబుతూ కూడా తడబడతాడు, ఆరితేరినవాడు అబద్ధాన్ని సైతం నిదానంగా చెబుతాడు. కట్టకూ తూముకూ దూరమెంత, ఆ రాత్రి వెన్నెల ఉందా లేక టార్చిలైటే ఆధారమా, కొట్టినవాడు ఆయనకు ముందే తెలుసా, ఆ పేరు అదే రాత్రి బయటపెట్టాడా లేక నాలుగు రోజులాగి చెప్పాడా, కర్రతో కొట్టారని ఆయన అంటుంటే పోస్టుమార్టం రిపోర్టులో ఉన్నది కత్తిగాటా అన్నవి చూడాలి. సాక్షి మాటను సాక్షితో సంబంధం లేని మరో ఆధారంతో పోల్చి చూడడమే తూచడమంటే. చనిపోయినవాడి తమ్ముడే సాక్షి అయినంత మాత్రాన తోసిపుచ్చనక్కరలేదు. అసలు దోషిని వదిలి అమాయకుణ్ణి ఇరికించడానికి దగ్గరి బంధువు సాధారణంగా ఒప్పుకోడని మన సుప్రీంకోర్టు 1953లోనే అన్నది. పాత పగ ఉంటే మాత్రం మరింత జాగ్రత్తగా పరిశీలించాలి.

ఎంతమంది చెప్పారన్నది ప్రధానం కాదు. ఒక వాస్తవానికి ఇంతమంది సాక్షులుండాలని మన చట్టంలో లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 139వ సెక్షన్ కూడా అదే చెబుతోంది. ప్రత్యక్ష సాక్షి లేకపోయినా పరిస్థితుల సాక్ష్యంతో శిక్ష వేయవచ్చు, అయితే లంకెలన్నీ కలిసి ముద్దాయి వైపే చూపాలి, మరొకరు చేసి ఉండే అవకాశం మిగలకూడదు.

మీరు చూసిన కేసు సంగతి. సాక్షి అడ్డం తిరిగితే అతని సాక్ష్యం మొత్తం కొట్టుకుపోదు, ఇతర ఆధారాలు బలపరిచిన భాగాన్ని కోర్టు తీసుకోవచ్చు. దర్యాప్తులో పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మాత్రం మన దగ్గర నేరాన్ని రుజువు చేసే సాక్ష్యం కాదు, సాక్షి కోర్టులో మాట మార్చాడని చూపడానికే పనికొస్తుంది. ఊళ్లో అందరికీ తెలిసిన కేసులు కోర్టులో వీగిపోయేది చాలావరకు ఇక్కడే.

మన చట్టంలోని ఈ నియమాలను అమ్మాయి అక్కడికి మోసుకుపోకూడదు. పోలీసు అధికారి ముందు ముద్దాయి చేసిన నేరాంగీకారం మన కోర్టుల్లో చెల్లదు. అమెరికాలో అది స్వచ్ఛందంగా చేసినదైతే, ముందుగా హక్కులు చెప్పి అడిగి ఉంటే జ్యూరీ ముందుకు రావచ్చు. చట్టం ఏమిటో అక్కడి జడ్జి చెబుతారు, దానినే పాటించాలి. లాయర్ల వాదన సాక్ష్యం కాదు, సాక్షి జవాబుల్లో జడ్జి రికార్డు నుంచి తొలగించమన్నదాన్ని లెక్కలోకి తీసుకోకూడదు, ఇంటర్నెట్‌లో కేసు గురించి వెతకకూడదు, తీర్పు వెలువడేదాకా మీతో సైతం ఫోనులో ఆ ఊసెత్తకూడదు. క్రిమినల్ కేసులో శిక్ష పడాలంటే సభ్యులంతా ఏకాభిప్రాయానికి రావాలి కాబట్టి, తోటివారి వాదన సబబనిపిస్తే మనసు మార్చుకోవచ్చు గాని, తొందరగా ఇంటికి పోవచ్చని మాత్రం సరే అనకూడదు.