రిపోర్టు చదివాకే నా నడుముకు నొప్పి ఎక్కువైంది

చెల్లెమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. చిత్తూరులో టైలరింగ్ చేస్తారు, వయసు 42, మూడు వారాలుగా నడుము నుంచి కుడి పిక్క దాకా లాగుతోంది, ఎమ్మారైలో ‘ఎల్4-ఎల్5 డిస్కు బల్జ్, డీజనరేషన్’ అని వచ్చింది, అంటే నడుము కింది భాగంలో రెండు ఎముకల మధ్యనున్న మెత్త ఉబ్బింది, అరిగింది అని. ఒకరు ఆపరేషన్ అన్నారు, ఒకరు ఆరు వారాలు మంచం దిగొద్దన్నారు. కొత్త పరిశోధనలు ఏం చెబుతున్నాయన్నది మీ మొదటి ప్రశ్న. అలిపిరి మెట్లకు మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెడతానని మొక్కుకున్నాను, ఎట్లా అన్నది రెండోది. రెండోదే కష్టం. దాన్ని చివర్లో చూద్దాం.

నేను డాక్టర్ని కాను. దామలచెరువు మామిడి మండీలో లెక్కలు రాసేవాణ్ణి, ఇల్లు తిరుపతిలో. మా అక్క కూతురు ఫిజియోథెరపీ చదువుతోంది. కింద నేను చెప్పే పరిశోధనలన్నీ ఆ పిల్ల ఫోన్లో తీసి, తెలుగులో చెప్పి, నేను నమ్మకపోతే మళ్లీ చదివి వినిపించినవే.

నా కథ జూన్‌లో మొదలైంది. తోతాపురి లోడ్లు మీదమీద పడుతున్నాయి, హమాలీలు చాలలేదు. లెక్కలు రాసే మనిషి లెక్కలు రాసుకోక, పోనీలే అని నాలుగు క్రేట్లు ఎత్తాను. ఆ రోజు ఏమీ కాలేదు. మర్నాడు పొద్దున మొహం కడుక్కుంటూ ఒక తుమ్ము తుమ్మాను, అంతే. నడుములో పటుక్కుమంది, ఎడమ తొడ వెనక నుంచి మడమ దాకా కరెంటు పారినట్టు జివ్వుమంది. కుళాయి పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. మా ఆవిడ వచ్చి పంచాంగం చూడాలా, ఆటో పిలవాలా అన్నట్టు చూసింది.

స్కానింగు తీయించి, రిపోర్టు పట్టుకుని ఒక ప్రైవేటు ఆసుపత్రికి పోయాను. అక్కడి డాక్టరు నన్ను బల్ల మీద పడుకోబెట్టలేదు, కాలు ఎత్తమనలేదు. ఫిలిం వెలుతురుకు పెట్టి చూసి, ఈ వారంలోనే ఆపరేషన్, లేకపోతే కాలు పడిపోతుంది అన్నాడు. ఇంటికొచ్చి రిపోర్టు నేనే చదువుకున్నాను. డీజనరేషన్, డెసికేషన్, ఎక్స్‌ట్రూజన్... అప్పటిదాకా పదికి ఆరున్న నొప్పి ఆ రాత్రి తొమ్మిదైంది. నవ్వులాటకు చెప్పడం లేదు.

మా మేనకోడలు వచ్చి రిపోర్టు చూసి, “మామా, ఇదే స్కాను వీధిలో నొప్పి లేనోళ్లందరికీ తీస్తే సగం మందికి ఇట్లాంటివే రాస్తారు, తెలుసునా?” అంది. నమ్మలేదు. అప్పుడు చూపించింది. 2015లో అమెరికాలో బ్రింజిక్జీ అనే ఆయన బృందం 33 అధ్యయనాలను కలిపి చూసింది. అందులో ఉన్న 3,110 మందిలో ఒక్కరికీ నడుమునొప్పి లేదు. అయినా ఇరవై ఏళ్ల వాళ్లలోనే నూటికి 37 మందికి డిస్కు అరుగుదల కనిపించింది. నలభై ఏళ్ల దగ్గర 68 మందికి అరుగుదల, 50 మందికి బల్జ్. ఎనభై ఏళ్లకు దాదాపు అందరికీ, 96 మందికి. అంటే మీ వయసులో, ఏ నొప్పీ లేకుండా మిషను తొక్కుకుంటున్న వాళ్లలో ఇద్దరిలో ఒకరికి మీ రిపోర్టులోని మాటే వస్తుంది. ‘డీజనరేషన్’ అంటే చాలాసార్లు తెల్లవెంట్రుక లాంటిదే, లోపల ఉంది కాబట్టి కనపడదు.

స్కాను దండగ అని కాదు. డాక్టరు ముందు ఒళ్లు చూసి, తర్వాత ఫిలిం చూడాలి. నా విషయంలో ఆ రెండోదే ముందు జరిగింది. తర్వాత ఇక్కడి ఒక ప్రభుత్వ ఆసుపత్రి ఓపీకి పోతే, అక్కడి డాక్టరు పడుకోబెట్టి కాలు నిటారుగా పైకెత్తారు, మోకాలి మీదా మడమ వెనకా చిన్న సుత్తితో తట్టారు, మడమల మీద నాలుగడుగులు, మునివేళ్ల మీద నాలుగడుగులు నడిపించారు, పాదం మీద గీకి తెలుస్తోందా అని అడిగారు. పది నిమిషాలు. ఆ తర్వాతే ఫిలిం అడిగారు. “బలం తగ్గలేదు. ఆరు వారాలు చూద్దాం, అప్పటికీ ఓర్చుకోలేకపోతే ఆపరేషన్ మాట్లాడుకుందాం” అన్నారు. తిరుపతిలో రుయా, స్విమ్స్, ఎముకల రోగులకని దేవస్థానం పెట్టిన బర్డ్, మూడూ ఉన్నాయి. చిత్తూరు నుంచి బస్సెక్కితే పూటలో పనయ్యే దూరం. రెండో మాట వినకుండా కత్తి కింద పడుకోవద్దు.

ఆ ఆరు వారాలెందుకో నాకు అప్పుడు తెలియదు. తర్వాత తెలిసిన సంగతి నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఓళిగను తలుచుకోండి. చుట్టూ పిండి, మధ్యలో పూర్ణం. డిస్కు కూడా అట్లాంటిదే. పక్కకు కాస్త ఉబ్బితే బల్జ్, ఒకచోటే పొడుచుకొస్తే ప్రొట్రూజన్. పిండి చిరిగి పూర్ణం బయటికొస్తే ఎక్స్‌ట్రూజన్, ఆ వచ్చిన ముక్క తెగిపడితే సీక్వెస్ట్రేషన్. వింటే చివరిదే భయంకరంగా ఉంది కదా? కానీ బయటపడిన ఆ ముక్కను ఒళ్లు పరాయి వస్తువుగా చూస్తుంది. చుట్టూ కొత్త రక్తనాళాలు పుడతాయి, తెల్ల కణాలు వచ్చి మెల్లమెల్లగా తినేస్తాయి. 2015లోనే వచ్చిన ఇంకో సమీక్షలో, ఆపరేషన్ లేకుండా తనంతట తాను తగ్గడం తెగిపడిన ముక్కల్లో నూటికి 96, ఎక్స్‌ట్రూజన్లలో 70, ప్రొట్రూజన్లలో 41, ఉత్త బల్జుల్లో 13 అని లెక్క తేలింది. పెద్దగా చిరిగిందే ఎక్కువ కరుగుతోంది! నాది ఎక్స్‌ట్రూజన్. ఈ లెక్క విన్న రాత్రి నేను నిద్రపోయాను. మీది బల్జ్ కదా, అది ఫిలింలో అట్లాగే ఉండిపోవచ్చు. దానివల్ల నొప్పి కూడా ఉండిపోతుందని అర్థం కాదు, పైన చెప్పిన నొప్పి లేని సగం మందిని గుర్తు పెట్టుకోండి.

ఆపరేషన్ గురించి పక్షపాతం లేకుండా చెప్పాలంటే 2007 నాటి నెదర్లాండ్స్ అధ్యయనం చెప్పాలి. ఆరు నుంచి పన్నెండు వారాలుగా కాలికి తీవ్రంగా లాగుతున్న 283 మందిని రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి వెంటనే ఆపరేషన్, ఇంకో భాగానికి ఆగి చూడటం. ఆపరేషన్ వాళ్లకు నొప్పి త్వరగా తగ్గింది, ఆ మాట నిజం. ఏడాది తిరిగేసరికి రెండు వైపులా నూటికి 95 మంది కోలుకున్నారు. అయితే ఆగిన వాళ్లలో 39 శాతం మంది మధ్యలో ఓర్చుకోలేక ఆపరేషనే చేయించుకున్నారు. కాబట్టి ఆపరేషన్ చేయించుకున్న వాళ్లు మోసపోయినట్టూ కాదు, ఆగిన వాళ్లు మొండివాళ్లూ కాదు. ఎంత త్వరగా తగ్గాలి, ఎంత ఓర్చుకోగలం అన్నదే లెక్క. నాకైతే ఐదో వారానికి నొప్పి మడమ వదిలి పిక్కకు, పిక్క వదిలి తొడకు వచ్చింది. నొప్పి అట్లా కింది నుంచి నడుము వైపు ముడుచుకుంటూ వస్తే మంచిదే అంటారు, నడుములో కాస్త ఎక్కువైనట్టు అనిపించినా సరే.

ఇక నేను చేసిన తప్పులు. పదకొండు రోజులు మంచం దిగలేదు. లేచేసరికి కాళ్లు దూదిలా అయిపోయాయి. మంచం మంచిది కాదన్నది కొత్త సంగతేమీ కాదు, 1995లోనే హెల్సింకిలో నగర ఉద్యోగుల మీద చూశారు. పడుకున్న వాళ్లకంటే, వ్యాయామాలు చేసిన వాళ్లకంటే, నొప్పి ఓర్చుకోగలిగినంత మేర మామూలు పనులు చేసుకున్న వాళ్లే ముందు కోలుకున్నారు. ముప్పై ఏళ్లయినా మన ఊళ్లకు ఆ మాట రాలేదు. బండల మీద పడుకోమని మా పెద్దమ్మ పట్టుపట్టింది. స్పెయిన్‌లో 313 మంది మీద చూస్తే మరీ గట్టి పరుపు కంటే మధ్యస్థంగా ఉన్న పరుపే నయమని తేలింది. విరిగిన ఎముకలకు కట్టే పుత్తూరు కట్టు కట్టించమని మా బావ కారు తెచ్చాడు. పోయాం కూడా. అక్కడి పెద్దాయన చెయ్యి పెట్టి చూసి, “ఇది ఎముక విరిగింది కాదు నాయనా, నరం సంగతి, ఆసుపత్రికి పో” అని డబ్బులు తీసుకోకుండా పంపేశాడు. ఆ ప్రైవేటు డాక్టరు కంటే ఆయనే నన్ను ముట్టుకుని చూశాడు.

బెల్టు మూడు నెలలు కట్టాను, నడుమును బరువులతో లాగే ట్రాక్షన్ పది సిట్టింగులు పెట్టించాను. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలపు నడుమునొప్పికి మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో బెల్టులూ ట్రాక్షనూ వద్దన్న జాబితాలో ఉన్నాయి. వ్యాయామం, నొప్పి గురించి సరిగా చెప్పడం, అవసరమైతే కొన్ని నొప్పి మాత్రలు, మనసుకు సంబంధించిన చికిత్సలు మేలన్న వైపు ఉన్నాయి. అయితే ఒక మెలిక ఉంది. అవి మూడు నెలలు దాటిన, ఫలానా కారణమని తేలని నడుమునొప్పికి చెప్పినవి. మీది మూడు వారాలదే, పైగా కాలికి లాగుతోంది. అందుకని వాటిని అచ్చంగా మీకు అంటించకండి.

మాత్రల విషయం ఒక్కటే చెబుతాను. కాలికి లాగితే చాలు, నరాల నొప్పికిచ్చే ప్రిగాబలిన్ రాస్తున్నారు. 2017లో ఆస్ట్రేలియాలో 209 మంది మీద మందు లేని ఉత్త మాత్రతో పోల్చి చూస్తే సయాటికా, అంటే ఇట్లా నడుము నుంచి కాలికి లాగే నొప్పి, తగ్గించడంలో అది ఏమీ మెరుగు కాలేదు, తలతిరుగుడు మాత్రం ఎక్కువైంది. నేను వేసుకున్న వారమంతా మండీలో కూడికలు తప్పాను. అయినా వేసుకుంటున్న మాత్రను మీ అంతట మీరు టక్కున ఆపకండి, రాసిచ్చిన వారితోనే మాట్లాడి మెల్లగా తగ్గించుకోవాలి.

నొప్పి తగ్గాక కూడా ఆరు నెలలు నేను బకెట్ ఎత్తలేదు. వంగితే మళ్లీ పటుక్కుమంటుందని భయం. ఫలానా కుర్చీ, ఫలానా దిండు, ఫలానా పక్క. మా మేనకోడలే ఒకరోజు, “నడుము బాగైంది మామా, నీకే ఆ కబురు అందలేదు” అంది. కోపం వచ్చింది. కానీ అమెరికాలో కొలరాడోలో 151 మంది పాత నడుమునొప్పి వాళ్ల మీద చేసిన పరిశోధన సారం అదే. ఈ నొప్పి ఒళ్లు పాడైపోతోందన్న హెచ్చరిక కాదు, మెదడు అలవాటుగా మోగిస్తున్న గంట అని నేర్పించిన వాళ్లలో 66 శాతం మందికి నాలుగు వారాల్లో నొప్పి పోయింది, లేదా పోయినంత పనైంది. మందు లేని ఉత్త ఇంజెక్షన్ ఇచ్చిన వాళ్లలో 20 శాతం, ఎప్పటిలాగే ఉన్న వాళ్లలో 10 శాతం. నొప్పి అబద్ధం అని కాదు దీని అర్థం. నా నొప్పిని ఎవరైనా ఊహ అంటే ఇప్పటికీ ఊరుకోను.

నాకు నిజంగా పని చేసింది నడక. అలిపిరి నుంచి కపిలతీర్థం వైపు పొద్దున్నే, మొదట పది నిమిషాలు, వారం వారం కాస్త పెంచుకుంటూ. 2024లో ఆస్ట్రేలియాలో, నడుమునొప్పి వచ్చి తగ్గిన 701 మంది మీద ఇదే చూశారు. వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట దాకా మెల్లగా పెంచుకుంటూ నడిచిన వాళ్లలో సగం మందికి నొప్పి తిరగబెట్టేసరికి 208 రోజులు పట్టింది, నడవని వాళ్లలో 112. తగ్గిన వాళ్ల మీద చేసింది కాబట్టి లాగుతున్న కాలికి ఇదే మందు అని చెప్పలేను. కానీ ఖర్చు చెప్పులదే.

మిషను ముందు మీరు గంటల కొద్దీ కూర్చుంటారు కదా. సరైన భంగిమ అని ఎవరైనా చిత్రపటం ఇస్తే దాచి పెట్టుకోండి, పనికి మాత్రం ఒకటే సూత్రం: ఒక జాకెట్టు అయితే లేచి వీధి గుమ్మం దాకా పోయి రండి.

ఇక్కడ మాత్రం నెమ్మదిగా చదవండి. మూత్రం బిగబట్టినట్టయి రాకపోయినా, తెలియకుండా పడిపోతున్నా, సైకిల్ సీటు తగిలే చోట మొద్దుబారినా, రెండు కాళ్లూ బలం తగ్గినా అదే పూట అత్యవసర విభాగానికి పోవాలి, తెల్లారనివ్వకూడదు. నడుస్తుంటే చెప్పు తనంతట తాను జారిపోతోంది, పాదం ఈడుస్తోంది అంటే అదీ ఆగే విషయం కాదు. ఇంకొకటి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్లు నడుమునొప్పి. మా మండీలో ఒక హమాలీ మూడు నెలలు బామ్ రాసుకుని తిరిగాడు. చూస్తే వెన్నెముక క్షయ. ఏడాది పైగా మందులు మింగి ఇప్పుడు మళ్లీ లోడెత్తుతున్నాడు. మన దేశంలో ఈ జబ్బును మరిచిపోకూడదు.

మొక్కు సంగతి. అలిపిరి దారి 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్లు. మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ అంటే ఎక్కడమే కాదు, 3,550 సార్లు వంగడం. కాలికి లాగుతుండగా అది వద్దు, ఏ పరిశోధన చదవకుండానే చెప్పగలను. నేను పద్నాలుగు నెలలకు ఎక్కాను, అదీ శ్రీనివాసమంగాపురం వైపు శ్రీవారి మెట్టు దారిలో, 2,388 మెట్లు. మా అక్కకూ మీలాంటి మొక్కే ఉండింది. వంగే పని తను చేసింది, కుంకుమ భరిణె పట్టుకుని వెనక నేను. మొక్కులో నా వాటా అంతే, స్వామి ఏమీ అనలేదు. పైకి చేరేసరికి నొప్పి పెట్టింది మోకాళ్లు, నడుము కాదు. దిగేటప్పుడు బస్సెక్కాను, ఘాట్ రోడ్డు మలుపుల్లో నడుము కాస్త గుర్తు చేసింది.

మీరిప్పుడు చేయాల్సింది, గోడ పట్టుకుని మడమల మీద పదడుగులు, మునివేళ్ల మీద పదడుగులు వేసి చూడండి. కుడి పాదం ఎడమదానిలాగే లేస్తోందా, నొప్పి వారం కిందటికంటే పైకి ముడుచుకుందా, కిందికి పాకిందా అన్నది ఇక్కడ రాయండి. పాదం లేవకపోతే ఇక్కడ రాయడం తర్వాత, ముందు బస్సెక్కి ఓపీకి రండి.