పక్కింటి కంచె

చిరంజీవికి,

పక్కవాళ్లు వీధి వైపు వదలాల్సిన ఖాళీ వదలకుండా గది కడుతున్నారనీ, నువ్వు కోర్టుకు వెళ్తానంటున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. వీధి కోసం నిలబడుతున్నందుకు గర్వంగా ఉంది. కానీ నీ కోపం నాకు తెలుసు, మన ఇంటి సొత్తే కదా. అందుకే నిద్ర పట్టలేదు.

మీ కాలనీలో ఇళ్లవాళ్ల అసోసియేషన్ లేకపోయినా డీడ్ రిస్ట్రిక్షన్లు, అంటే స్థలం దస్తావేజులకు కట్టుబడి ఉండే కట్టడపు షరతులు, చెల్లుతాయి. ఆ లేఅవుట్‌లో ఇల్లున్నవారెవరైనా దావా వేయవచ్చు. మన హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీ క్లర్క్ రికార్డుల్లో పూర్తి ప్రతి తీసుకుని, ఆ షరతుల గడువు తీరిందో లేదో చూడు. పాత కాగితమైతే, తెల్లవాళ్లు తప్ప ఎవరూ ఉండరాదన్న షరతు కూడా కనిపించవచ్చు. దాన్ని కోర్టులు అమలు చేయరాదని అమెరికా సుప్రీంకోర్టు 1948లోనే తేల్చింది. నన్ను రానివ్వకూడదని రాసిన కాగితాన్నే పట్టుకుని నేను పక్కవాడి మీదికి వెళ్లాను. ఆ కథ నీకు ఎవరూ చెప్పి ఉండరు.

మా పక్కాయన వెనక షెడ్డు వేశాడు. హద్దుకు 5 అడుగుల దూరం ఉండాలని మా నిబంధన. కంచె నుంచి టేపు పెడితే 3 అడుగులే వచ్చింది. నేరుగా అడిగితే పోయేదానికి, ఆ రాత్రే లాయరు భాషలో ఘాటుగా ఉత్తరం రాసి ఆయన తలుపుకు అంటించాను. మీ బావకు సైకిల్ నేర్పిన మనిషి ఆయన! వారం తర్వాత సర్వేయరుతో వచ్చాడు. గడ్డిలో తవ్వి, తుప్పు పట్టిన ఇనుప కడ్డీ చూపించారు. అసలు హద్దు అది. కంచె ఆయన స్థలంలోకి 2 అడుగులు జరిగి ఉంది. ఆయన షెడ్డు సరిగ్గా 5 అడుగుల దూరంలో ఉంది. కంచెను నమ్ముకుని 5 అడుగులు వదిలి వేసిన నా షెడ్డు మాత్రం 3 అడుగులకు వచ్చింది. ఆయన ఒక్క మాట అనలేదు. సర్వే కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. నా షెడ్డు నేనే పీకించాను. ఆయన ఇల్లు అమ్ముకుని వెళ్లేదాకా మా మధ్య పలకరింపు లేదు. మీ అత్తయ్య ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

కాబట్టి ముందు నీ సర్వే కాగితం తీయి. ముందు వైపు కూడా రోడ్డు అంచు నుంచి కొలవకు. హద్దు చాలాసార్లు గడ్డి మధ్యలో ఉంటుంది. నీ ఇంట్లో ఏ తప్పూ లేదని తేలాకే మీ పక్కవాళ్లని ఎదురుపడి అడుగు. వినకపోతే హ్యూస్టన్ నగర న్యాయ విభాగానికి ఫిర్యాదు పెట్టు. 1948, 1962, 1993లో మూడుసార్లు జోనింగ్, అంటే ఎక్కడ ఏం కట్టాలో నగరం నిర్ణయించే పద్ధతి, వద్దని ఓటేసిన ఊరు కనుక, సెట్‌బ్యాక్ (హద్దు నుంచి వదలాల్సిన దూరం) లాంటి షరతుల అమలును నగరం కూడా చూస్తుంది. దావా ఆఖరి మాట. టెక్సస్‌లో ఓడినవాడు గెలిచినవాడి లాయరు ఫీజూ కట్టవలసి రావచ్చు, నీకు ఇద్దరు పిల్లలున్నారు. అలాగని నాన్చకు. నాలుగేళ్లు దాటితే దావాకు గడువు పోతుంది, గోడలు లేచాక కూల్చమనడానికి జడ్జికీ మనసొప్పదు.

కాంక్రీటు పోశారో లేదో రేపు పొద్దున్నే ఫోను చేసి చెప్పు. శనివారం నేను వస్తాను, టేపు రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావాలి కదా. అంతదాకా ఎవరి తలుపుకూ ఏమీ అంటించకు.

మీ మామయ్య