మౌంట్ ‘0’ పంపితే చేరినట్టేనా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

(అచ్చులో కమాండ్లను తెలుగు అక్షరాల్లో ఇస్తున్నాం. పంపాల్సినవి ఇంగ్లీషు అక్షరాలే. పెద్దవీ చిన్నవీ వేరు.)

ప్రశ్న: మా కాలేజీలో ఎల్‌ఎక్స్200 ప్రోటోకాల్‌తో (కంప్యూటర్ నుంచి కమాండ్లు పంపే పద్ధతి) పనిచేసే పాత మీడ్ మౌంట్ (టెలిస్కోప్‌ను మోటార్లతో తిప్పే పీఠం) ఉంది. జూనియర్ల కోసం గోటు కమాండ్‌కు డాక్యుమెంట్ రాస్తున్నాను. ‘:ఎంఎస్# – టెలిస్కోప్‌ను లక్ష్యం వైపు తిప్పుతుంది’ అంటే సరిపోదా? – ఇంజినీరింగ్ విద్యార్థి, హనుమకొండ

జవాబు: సరిపోదు. తిప్పుతుందని పేరు చూస్తేనే తెలుస్తోంది. కోడ్ రాసేవాళ్లకు కావలసింది మౌంట్ ఏం తిరిగి పంపుతుంది, ఆ రిప్లై ఎక్కడ ముగుస్తుంది అన్నది.

ఆపడానికి వాడే :క్యూ#కు రిప్లై అసలు రాదు. లక్ష్యం ఆర్‌ఏ (ఆకాశంలో తూర్పు-పడమర నిర్దేశాంకం) ఇచ్చే కమాండ్‌కు (పెద్ద ఎస్, చిన్న ఆర్), డెక్ (ఉత్తర-దక్షిణ నిర్దేశాంకం) ఇచ్చేదానికి (పెద్ద ఎస్, చిన్న డి) 1 లేదా 0 ఒక్కటే వస్తుంది, వెనకాల # ఉండదు. ఇప్పటి ఆర్‌ఏ అడిగే :జీఆర్#కు మాత్రం #తో ముగిసే వరుస వస్తుంది. మీ :ఎంఎస్# రెండు రకాలుగానూ జవాబిస్తుంది. ఒప్పుకుంటే ఒట్టి 0. వస్తువు దిగంతం కింద ఉంటే 1, మీరు పెట్టిన ఎత్తు పరిమితి కంటే కింద ఉంటే 2. ఆ అంకె వెంటనే కారణం చెప్పే మాటలు, చివర #. అందుకే # వచ్చేదాకా చదివే కోడ్, గోటు సవ్యంగా మొదలైనప్పుడే టైమవుట్ అవుతుంది. విఫలమైనప్పుడు చక్కగా నడుస్తుంది! ముందు ఒక్క అక్షరం చదవాలి. 0 అయితే అక్కడితో ఆపాలి, కాకపోతే # దాకా చదివేయాలి. చదవకుండా వదిలేసిన మాటలు తర్వాతి కమాండ్ రిప్లైలో కలిసిపోతాయి.

0 అంటే ‘బయల్దేరుతున్నాను’ అనే, ‘చేరాను’ అని కాదు. చేరిందో లేదో తెలియాలంటే అర సెకనుకోసారి పెద్ద డి అక్షరంతో :డీ# పంపండి. తిరుగుతున్నంతసేపూ # ముందు గడుల్లాంటి అక్షరాలు వస్తాయి, ఆగాక ఒట్టి #. ఇది మీ డాక్యుమెంట్‌లో తప్పక ఉండాలి.

ఉదాహరణలో ఇచ్చే అంకెలకు ఏ సంవత్సరానివో కూడా రాయండి. 06:45:09, -16*42:58 అనేవి లుబ్ధకుడి (సిరియస్) 2000 నాటి నిర్దేశాంకాలు. ఈ మౌంట్‌కు కావలసినవి ఈనాటివి. అయనచలనం (భూమి అక్షం మెల్లగా దిశ మారడం వల్ల నిర్దేశాంకాలు జరగడం) ఏటా దాదాపు 50 వికళలు (డిగ్రీలో 60వ వంతు కళ, కళలో 60వ వంతు వికళ). అంటే 25 ఏళ్లలో 21 కళల దాకా తేడా రావచ్చు. ఎక్కువ పవర్ ఐపీస్‌లో అయితే నక్షత్రం కనపడనే కనపడదు. స్టెల్లేరియం అనే ఆకాశపటం సాఫ్ట్‌వేర్‌లో రెండు విలువలూ పక్కపక్కనే చూడొచ్చు.

ఫర్మ్‌వేర్ (మౌంట్ లోపలి సాఫ్ట్‌వేర్) పేరు, వెర్షన్ మొదటి వరుసలోనే ఉండాలి. ఇదే :ఎంఎస్#కు ఆన్‌స్టెప్ కంట్రోలర్‌లో 9 దాకా కోడ్‌లున్నాయి: 4 అంటే మౌంట్ పార్క్ చేసి ఉంది, 5 అంటే ముందు ఇచ్చిన గోటు ఇంకా నడుస్తోంది.

ప్రశ్న: పోలార్ అలైన్‌మెంట్ (మౌంట్ అక్షాన్ని ధ్రువం వైపు పెట్టడం) బాగానే ఉంది. కానీ సింక్ చేయకముందు (తెలిసిన నక్షత్రంతో స్థానం సరిచేయకముందు) మొదటి గోటు ప్రతిసారీ 8 డిగ్రీలకు పైగా పడమరకు పోతోంది. రేఖాంశం 078*29, టైమ్ తేడా +05.5 పంపాను. – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: రెండూ తప్పే, అందుకే ఇంత తక్కువ తేడాతో బయటపడ్డారు. ఈ ప్రోటోకాల్‌లో రేఖాంశాన్ని పడమరగా 360 దాకా లెక్కిస్తారు. హైదరాబాద్‌కు 281*31 పంపాలి. టైమ్ తేడా అంటే యూటీసీ రావడానికి లోకల్ టైమ్‌కు కలపాల్సిన గంటలు, కాబట్టి మనకు -05.5. మీ రేఖాంశం వల్ల నక్షత్రకాలం (నక్షత్రాల స్థానాన్ని బట్టి లెక్కించే టైమ్) దాదాపు పదిన్నర గంటలు వెనక్కి పోయింది, టైమ్ తేడా వల్ల 11 గంటలు ముందుకొచ్చింది. మిగిలిన సుమారు 34 నిమిషాలే మీ ఎనిమిదిన్నర డిగ్రీలు. వీటిలో ఒక్కటే సరిచేస్తే టెలిస్కోప్ ఆకాశంలో మరో మూలకు తిరుగుతుంది. కంగారుపడి పాతదానికి వెళ్లకండి, రెండోదీ మార్చండి.

కమాండ్ అక్షరాలు చూసుకోండి: ఎస్ తర్వాత చిన్న జీ రేఖాంశం, పెద్ద జీ టైమ్ తేడా. తేదీలో నెల ముందు వస్తుంది. అన్నీ పంపాక :జీఎస్#తో నక్షత్రకాలం అడిగి స్టెల్లేరియంతో పోల్చండి. నిమిషానికి మించి తేడా ఉంటే మోటార్ల జోలికి పోకుండా రేఖాంశం, టైమ్ తేడా, తేదీ – ఈ మూడు విలువలే మళ్లీ చూడండి.