డ్రగ్ టెస్టులో ఫెయిలైన ప్రొఫెషనల్ రెజ్లర్లకు ఇంకో ఛాన్స్ ఇవ్వొచ్చా?

ఇవ్వాలనే అంటాను. కాకపోతే నెల రోజులు ఇంట్లో కూర్చోబెట్టి మళ్లీ రింగులోకి దింపితే దాన్ని నేను ఛాన్స్ అనను. ఎందుకో అర్థం కావాలంటే నా గోల కొంచెం వినాలి.

నాకు 27 ఏళ్లప్పుడు జిమ్‌లో డెడ్‌లిఫ్ట్ చేస్తుంటే, అంటే నేల మీది బరువు ఎత్తుతుంటే, నడుం పట్టేసింది. డాక్టర్ పది రోజులకి నొప్పి మాత్రలు రాశారు. నేను ఎనిమిది నెలలు మింగాను. మొదట్లో నొప్పికి, తర్వాత నిద్రకి, ఆ తర్వాత ఊరికే. జిమ్ మాత్రం మానలేదు. ఒకరోజు పొద్దున్నే నా ఫ్రెండ్ పడుకుని బరువెత్తే బెంచ్ ప్రెస్ కొడుతున్నాడు, వెనక నిలబడి బార్ అందుకోవాల్సింది నేను. 90 కిలోలు. మత్తులో నా చేతులు ఒక్క క్షణం ఆలస్యంగా కదిలాయి. బార్ వెళ్లి వాడి ఛాతీ మీద కూర్చుంది. ఎముకలు విరగలేదు గానీ నెలంతా గట్టిగా దగ్గితే చాలు విలవిల్లాడిపోయేవాడు.

రెజ్లింగ్‌లో టెస్టుల గురించి వాదన వచ్చినప్పుడల్లా నాకు ఆ బారే గుర్తొస్తుంది. "గెలుపోటములు ముందే రాసిపెట్టుకునే ఆటలో డ్రగ్స్ వాడితే ఎవరికి నష్టం?" అని అడుగుతుంటారు. నిజమే, ఇక్కడ ఎవరి పతకమూ పోదు. కానీ సూప్లెక్స్ వేసేవాడు అవతలి మనిషిని గాల్లోకి లేపి వెనక్కి పడేస్తాడు. పైల్‌డ్రైవర్‌లో అయితే తలకిందులుగా పట్టుకుంటాడు. ఆ రెండు క్షణాలూ అవతలివాడి మెడ వీడి చేతుల్లోనే ఉంటుంది. కాబట్టి నా లెక్కలో ప్రశ్న "మోసం చేశాడా" అని కాదు, "ఇతని చేతుల్లో మెడ పెట్టొచ్చా" అని.

అమెరికాలోని పెద్ద రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈలో ఇప్పుడున్న టెస్టుల విధానం ఒక చావు తర్వాత వచ్చింది. ఎడ్డీ గెర్రెరో అనే రెజ్లర్‌ని తాగి బండి నడిపిన కేసు తర్వాత 2001లో కంపెనీ తీసేసింది. మారాడు. 2002లో వెనక్కి పిలిచారు. 2004 ఫిబ్రవరిలో బ్రాక్ లెస్నర్ మీద గెలిచి ఛాంపియన్ అయ్యాడు. రెండో ఛాన్స్ అంటే ఇలా ఉండాలి అని అందరూ చెప్పుకునే కథ అది. అయినా 2005 నవంబర్‌లో 38 ఏళ్లకే హోటల్ గదిలో గుండె జబ్బుతో పోయాడు. మనిషి మారాడు గానీ అప్పటిదాకా పడ్డ దెబ్బల్ని గుండె మర్చిపోలేదు. ఆ తర్వాత మూడు నెలలకి, అంటే 2006 ఫిబ్రవరిలో వెల్‌నెస్ పాలసీ అనే ఈ టెస్టుల విధానం వచ్చింది. మొదటిసారి దొరికితే 30 రోజుల సస్పెన్షన్, రెండోసారి 60, మూడోసారి ఉద్యోగం ఊడినట్టే.

ఉద్యోగం అని అలవాటుగా అనేశాను. కాగితాల మీద వాళ్లు ఉద్యోగులే కారు, ఇండిపెండెంట్ కాంట్రాక్టర్లు, అంటే సొంతంగా ఒప్పందం మీద పనిచేసేవాళ్లు. ఏడాదిలో ఎక్కువ రోజులు రోడ్డు మీదే గడిపి, వాచిన మోకాళ్లతో రింగులోకి దిగే మనుషులు వీళ్లు. నేను రోజూ సాయంత్రం ఇంటికొచ్చి పడుకునేవాణ్ణి, అయినా మాత్రలు వదల్లేకపోయాను. వాళ్ల సంగతి ఊహించుకోండి.

ఛాన్స్ పనికొచ్చిందనడానికి ఉదాహరణలకి కొదవ లేదు. జెఫ్ హార్డీ రెండోసారి దొరికి 2008లో 60 రోజులు బయట కూర్చున్నాడు, కంపెనీ ఏడాదిలో అన్నిటికన్నా పెద్ద షో రెజిల్‌మేనియా పోయింది. అదే ఏడాది డిసెంబర్‌లో డబ్ల్యూడబ్ల్యూఈ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. (తర్వాత కూడా చాలా ఏళ్లు తడబడ్డాడు, అది దాచడం నాకిష్టం లేదు.) రోమన్ రెయిన్స్ 2016 జూన్‌లో 30 రోజులు సస్పెండయ్యాడు, సాకులు చెప్పకుండా తప్పు నాదే అన్నాడు. అదే మనిషి 2020 నుంచి 2024 దాకా 1,316 రోజులు యూనివర్సల్ ఛాంపియన్‌గా ఉన్నాడు.

ఇక ఉమాగా అనే రెజ్లర్. 2009లో రెండోసారి దొరికినప్పుడు రిహాబ్‌కి, అంటే అలవాటు మాన్పించే చికిత్సకి వెళ్లమన్నారు, ఒప్పుకోలేదు. జూన్‌లో పంపించేశారు, డిసెంబర్‌లో చనిపోయాడు. 36 ఏళ్లు. ఇతని దగ్గరే నా వాదన కాస్త తడబడుతుంది. వద్దన్నవాడికి ఛాన్స్ ఎలా ఇస్తాం? కానీ ఆ మాత్రల మీద ఉన్నప్పుడు "నాకేం సమస్య లేదు" అని నేనూ మా అన్నయ్యతో ఎన్నిసార్లు గొడవపడ్డానో. మాట్లాడేది మనిషో మాత్రో అవతలివాళ్లకి తెలీదు. తీసేసిన మాజీలకి కూడా రిహాబ్ ఖర్చు పెట్టుకుంటామని 2007లో కంపెనీ మొదలుపెట్టింది కదా, నాకు ఆ పాలసీ మొత్తంలో నచ్చింది అదొక్కటే.

నచ్చనిది కూడా చెప్పాలి. 2016లో బ్రాక్ లెస్నర్ యూఎఫ్‌సీ (నిజంగానే కొట్టుకునే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీల కంపెనీ) ఫైట్‌కి సంబంధించిన టెస్టుల్లో దొరికి అక్కడ ఏడాది నిషేధానికి గురయ్యాడు. పార్ట్‌టైమర్లకి మా పాలసీ వర్తించదు అంది డబ్ల్యూడబ్ల్యూఈ. ఆ ఆగస్టులోనే డబ్ల్యూడబ్ల్యూఈ షో సమ్మర్‌స్లామ్‌లో లెస్నర్ రాండీ ఆర్టన్‌ని తల పగిలేలా కొట్టాడు. టికెట్లు అమ్ముడయ్యే పేరైతే ఒక రూలు, కాకపోతే ఇంకోటి. ఇలాగైతే ఛాన్స్ అన్న మాటకి విలువేముంటుంది?

నేనైతే రోజులు లెక్కపెట్టను. చికిత్స పూర్తయి, కొన్ని నెలలు టెస్టులు క్లీన్‌గా వచ్చాక, రింగులో అతనితో తలపడాల్సినవాళ్లు సరే అన్నాకే దింపుతాను. వాళ్ల మాట అడగడం అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే పడేది వాళ్లే.

నా ఫ్రెండ్ ఆరు నెలలు నన్ను తన బార్ దగ్గరికి రానివ్వలేదు. మాట్లాడేవాడు, టీ తాగేవాడు, బార్ దగ్గర మాత్రం ఇంకొకణ్ణి పిలిచేవాడు. ఒకరోజు తనే వచ్చి పిలిచాడు. ఖాళీ బార్‌తో మొదలుపెట్టాం, 20 కిలోలు. ఇప్పుడు 100 దాటించాం. బరువు పెరిగినప్పుడు ఇప్పటికీ ఒకసారి తల పైకెత్తి నా కళ్లు చూసుకునే బార్ దించుతాడు. నేనేమీ అనుకోను.