జేజి మంచం జరపకుండా హోమ్ థియేటర్

ప్రశ్న: హాల్లో 5.1 హోమ్ థియేటర్ (ఐదు స్పీకర్లు, బరువైన శబ్దాలకు ఒక సబ్‌వూఫర్) పెట్టాం. నేలంతా కడప బండలు. మాటలు గింగురుమంటున్నాయి. వెనక గోడకున్న మంచాన్ని జేజి జరపనివ్వదు. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, కడప

జవాబు: మంచం జోలికి పోకండమ్మా, జేజిదే న్యాయం. గోలంతా బండలది. నున్నటి రాయి శబ్దాన్ని పీల్చుకోదు, తిప్పికొడుతుంది. టీవీకీ సోఫాకీ మధ్య మందపాటి జంఖానా పరచండి, కిటికీలకు బరువైన కర్టెన్లు వేయండి. మాటలు ఎక్కువగా వచ్చేది టీవీ దగ్గర మధ్యలో పెట్టే సెంటర్ స్పీకర్‌లోంచే. దాన్ని అల్మారా లోపలికి తోసేయకుండా అంచుదాకా లాగి, ముందువైపు కాస్త ఎత్తి, కూర్చున్నవాళ్ల చెవులకేసి తిప్పండి. చుట్టూ శబ్దం వినిపించే రెండు సరౌండ్ స్పీకర్లు మంచమున్న వెనక గోడకే ఉండాలని లేదు. సోఫాకు అటూఇటూ, కొంచెం వెనగ్గా పక్క గోడలకు బిగించండి. సబ్‌వూఫర్ మూలనుంటే దడదడ ఎక్కువ, మూలనుంచి ఇవతలికి జరపండి. జేజి పడుకున్నాక నైట్ మోడ్ పెడితే పేలుళ్లు తగ్గి మాటలు నిలుస్తాయి.