అల్లుడా, కదలని గుర్తు పట్టుకో

సిరొంచ

చిరంజీవి మేనల్లునికి మామ ఆశీస్సులు.

హెలికాప్టర్ డ్యూటీ మీద థార్ ఎడారిలోని జైసల్మేర్‌కు పోస్టింగ్ అని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి మీ అమ్మకు నిద్ర లేదు. ఆమె టెన్షన్ సరిహద్దు గురించి. నా టెన్షన్ దుమ్ము గురించి. ఎమ్ఐ-17 హెలికాప్టర్ మీద ఫ్లైట్ ఇంజినీరుగా ఇన్నేళ్లు తిరిగాను. నాకు గుండె జారిపోయింది ఎక్కడో ఆకాశంలో కాదు, ఎడారి నేలకు ముప్పై అడుగుల ఎత్తున.

చిన్నప్పుడు ఎన్నికలకు పోలింగ్ సిబ్బందిని దింపడానికి మన గడ్చిరోలి వైపు హెలికాప్టర్ వస్తే చూడటానికి పరుగెత్తేవాడివి. స్కూలు మైదానంలో దుమ్ము లేచి హెలికాప్టర్ మాయమైపోయేది. అప్పుడు లోపలున్నవాళ్లకు నేల కూడా అట్లాగే మాయమవుతుంది. బ్రౌనౌట్ అంటే అదే. మన ప్రాణహిత నది ఇసుక గరుకు, బరువు. థార్‌లో ఇసుకతో పాటు పిండిలాంటి ధూళి ఉంటుంది. రోటర్, అంటే పైన తిరిగే పెద్ద రెక్కల గాలి దాన్ని పక్కలకు తోసి, పైకి లేపి, మళ్లీ రోటర్‌లోకే లాక్కుంటుంది. కొన్ని సెకన్లలో అద్దం బయట ఏమీ ఉండదు.

కనబడకపోవడం కన్నా, తప్పుగా కనబడటం ప్రమాదం. ప్రాణహితలో మోకాలి లోతున నిలబడి పారే నీళ్లనే చూస్తే మనమే ఎదురు జరుగుతున్నట్టు తల తిరుగుతుంది కదా. అద్దం ముందు దుమ్ము పారుతుంటే పైలట్‌కూ అంతే. కదలని హెలికాప్టర్ కదులుతున్నట్టు అనిపించి, స్టిక్ అటో ఇటో తోస్తాడు. పక్కకు జారుతూ చక్రం నేలకు తగిలిందా, మొత్తం ఒరిగిపోతుంది.

ఒక జూన్ మధ్యాహ్నం మాకు దాదాపు అదే జరిగింది. నేను తలుపు దగ్గరున్నాను. కెప్టెన్ ఒక ఎండు ముళ్లకంపను గుర్తుగా పెట్టుకుని దించుతున్నాడు. తోక దగ్గర దుమ్ము లేవడం నేను చూశాను. సీనియర్ కదా, ఆయనకు తెలియదా అని నోరు మెదపలేదు. ఆ కంపకు వేరు లేదు. రోటర్ గాలికి మెల్లగా దొర్లడం మొదలుపెట్టింది, మేమూ దాని వెంటే జరిగాం. కుడి చక్రం ఇసుకను గీకిన చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. అప్పుడు అరిచాను. ఆయన పవర్ లాగి పైకి లేపాడు, బతికాం. రెండోసారి ఖేజ్రీ చెట్టును చూసుకుని దిగాం. ఖేజ్రీ అంటే మన జమ్మిచెట్టే. దసరాకు నువ్వు ఆకు తెచ్చి నా చేతిలో పెట్టినప్పుడల్లా నాకు ఆ చెట్టే గుర్తొస్తుంది.

1980 ఏప్రిల్‌లో ఇరాన్ ఎడారిలో అమెరికావాళ్లకు జరిగింది కూడా చదువు. అక్కడ బందీలుగా ఉన్న తమవాళ్లను విడిపించడానికి ఎనిమిది హెలికాప్టర్లు బయలుదేరాయి. ధూళి మేఘాలు, యంత్ర లోపాలు కలిసి చివరకు ఐదే పనికొచ్చాయి. కావలసినవి ఆరు. పని ఆపేసి తిరిగి వెళ్లే వేళ, రాత్రి దుమ్ములో ఒక హెలికాప్టర్ సీ-130 విమానాన్ని గుద్దింది. ఎనిమిది మంది పోయారు. దారి చూపిస్తూ నేల మీద నిలబడ్డ మనిషినే పైలట్ గుర్తుగా పెట్టుకున్నాడని, దుమ్ముకు తాళలేక అతను వెనక్కి జరిగాడని చెబుతారు.

అందుకే నీకు మొదటి మాట: వేరున్న చెట్టు, పాతుకున్న రాయి, వాటినే గుర్తుగా తీసుకోమను. రెండోది, నోరు విప్పు. దుమ్ము తోక దగ్గరుంటే తోక దగ్గర అను, తలుపు దాకా వస్తే తలుపు దగ్గర అను, కాక్‌పిట్‌కు వచ్చేలోపు నేల కనబడుతోందా లేదా తేల్చి చెప్పు. కనబడకపోతే ‘గో అరౌండ్’ అను, అంటే దిగడం ఆపి మళ్లీ పైకి లేపమని. ఎదుట వింగ్ కమాండర్ ఉన్నా సరే, గొంతు తగ్గించకు. ఇసుక మీద గాల్లోనే ఒకచోట నిలిపి, హోవర్ చేస్తూ ఆలోచించే టైమ్ ఉండదు. చక్రాలున్న హెలికాప్టర్‌ను గట్టి నేల మీద కాస్త ముందుకు దొర్లిస్తూ దించితే దుమ్ము వెనకపడుతుంది, అది నయం.

మళ్లీ పైకి లేవడానికి పవర్ మిగిలి ఉండాలి కదా. ఆ లెక్క బయలుదేరకముందే చూసుకో. 45 డిగ్రీల ఎండలో గాలి పలచబడుతుంది. జైసల్మేర్ నేల మీదున్నా, హెలికాప్టర్‌కు నాలుగు వేల అడుగుల పైన ఉన్నట్టే. ఇంజిన్ ముందుండే డస్ట్ గార్డులు కూడా కొంత పవర్ తింటాయి. పొద్దున మోసిన బరువు మధ్యాహ్నం మోయదు. ‘ఇంకో ఇద్దరే కదా’ అని ఎవరన్నా ఎక్కబోతే దింపెయ్.

ఇసుక ఇంజిన్‌లోకి గాలి లాగే కంప్రెసర్ బ్లేడ్లను, రోటర్ అంచులను అరగదీస్తుంది. చేత్తో తడిమి చూడు, కంటికి అందని గరుకు వేలికి అందుతుంది. గ్రీజు ఎక్కువై బయటికి వస్తే తుడిచెయ్, దానికి ఇసుక అంటుకుంటే సానరాయి అవుతుంది. ఆపగానే ఇంజిన్ మూతలు, గాలి వేగం కొలిచే పిటాట్ గొట్టాల మూతలు పెట్టు, టీ తర్వాత తాగొచ్చు. కింద బరువు వేలాడదీసేటప్పుడు హుక్కును ఒట్టి చేత్తో పట్టుకోకు. దుమ్ములో తిరిగే రోటర్ కరెంటు పోగేస్తుంది. ఎర్త్ కడ్డీ తాకించాకే ముట్టుకో.

మీ అమ్మ రెండు నూలు తువ్వాళ్లు పంపుతోంది. బ్యారక్‌లో దుమ్ము లేచినప్పుడు ముక్కుకు కట్టుకో. హెలికాప్టర్ దగ్గరికి మాత్రం మెడలో వేసుకుని వెళ్లకు, పెట్టెలో పెట్టి తాళం వేసి వెళ్లు.

మీ మామ